కేజీఎఫ్ బంగారు గనులు: అపోహలు - వాస్తవాలు

గనుల భూగర్భ శాస్త్రం నా వృత్తి. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, అంటే కేజీఎఫ్) గురించి తెలుసుకోవాలని అడిగేవాళ్ల నోట తరచుగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: సొరంగం గోడల మీద బంగారం మెరుస్తుంటుంది.

వాస్తవం: టార్చి వేస్తే కనబడేది నల్లటి రాయి, దాని మధ్య తెల్లగానో బూడిద రంగులోనో పలుగురాయి చార. బంగారం ఉండేది ఆ చారలోనే, అదీ ఎక్కువగా కంటికి ఆనని నలుసులుగా. తొలి రోజుల్లో టన్ను రాయికి 40 గ్రాములకు పైగా వచ్చిన బంగారం, చివరికి మూడు నాలుగు గ్రాములకు పడిపోయింది. అంటే ఒక చిన్న ఉంగరం కోసం టన్ను రాయిని పైకి లాగి, పిండి చేసి, సైనైడ్ ద్రావణంలో కరిగించి బంగారాన్ని వేరు చేయాలి.

అపోహ: బంగారం అయిపోయింది కాబట్టి మూసేశారు.

వాస్తవం: అయిపోలేదు, గిట్టుబాటు కాలేదు. కేజీఎఫ్‌లోని చాంపియన్ రీఫ్ గని సుమారు 3.2 కిలోమీటర్ల లోతుకు వెళ్లింది. అక్కడ రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. చల్లగాలి పంపాలి, నీళ్లు తోడాలి, రాతి ఒత్తిడికి గోడలు ఉన్నట్టుండి పేలకుండా చూసుకోవాలి. అప్పట్లో బంగారం ధర కూడా పడిపోయి ఉంది. గనులు నడిపిన ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసింది.

అపోహ: ఇక్కడి బంగారాన్ని కనిపెట్టింది ఇంగ్లీషువాళ్లు.

వాస్తవం: 1802లో బ్రిటిష్ సైనికాధికారి లెఫ్టినెంట్ వారెన్ వచ్చేసరికే ఊళ్లవాళ్లు మట్టి కడిగి బంగారం తీస్తున్నారు. బ్రిటిష్ గనుల సంస్థ జాన్ టేలర్ కంపెనీ 1880లో తెచ్చింది లోతుగా తవ్వే పద్ధతిని. గని యంత్రాల కోసమే 1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు లైను వేశారు. బెంగళూరుకు కరెంటు ఆ తర్వాతే వచ్చింది.

అపోహ: ఆంధ్రకు దీంతో సంబంధం లేదు.

వాస్తవం: ఆ రాతి పట్టీ దక్షిణంగా మన కుప్పం వైపు సాగుతుంది. చిగురుగుంట గని అదే పట్టీలోది. కేజీఎఫ్ కూలీల్లో తమిళులు ఎక్కువే గానీ, చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

అపోహ: గని పోయాక అది దెయ్యాల ఊరు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. భారీ యంత్రాలు తయారుచేసే బెమెల్ ఫ్యాక్టరీ నడుస్తోంది. తెల్లారకముందే రైలెక్కి బెంగళూరులో పనికి వెళ్లేవాళ్లు వేలల్లో ఉన్నారు. జిల్లాలో పట్టు, పాలు, టమాటా మీద బతికే పల్లెలు ఎన్నో. ఊరిని పీడిస్తున్నది సైనైడ్ దిబ్బల దుమ్ము, అంటే బంగారం తీశాక మిగిలిన రాతిపొడిని పోసిన గుట్టల దుమ్ము. మొత్తం 13 దిబ్బలు, దాదాపు 3.3 కోట్ల టన్నుల పొడి. గాలి లేస్తే అది కాలనీల మీదికే వస్తుంది. ఆ దిబ్బల్లో మిగిలిన బంగారం తీయడానికి 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. తీయనివ్వండి, కానీ తవ్వేటప్పుడు దుమ్ము లేవకుండా చేసే ఏర్పాటు ముందు జరగాలి. గనిలో రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న కార్మికుల కుటుంబాలు ఇంకా అక్కడే ఉంటున్నాయి.