అద్దెతో ఈఎంఐ కట్టేయొచ్చా? అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. అద్దెకివ్వడం కోసం మొదటిసారి ఇల్లు కొంటున్నాడు. "అన్నా, లెక్క వేసుకున్నా. అద్దె 100 అనుకుంటే ఈఎంఐ 80. నెలకి 20 మిగులు. అడ్వాన్స్ ఇచ్చేయనా?" అన్నాడు. ఆ గొంతులో సంతోషం కంటే కంగారే ఎక్కువ వినిపించింది. ఇంకో పార్టీ కూడా చూసి వెళ్లిందని, సాయంత్రంలోగా తేల్చకపోతే చేజారిపోతుందని బ్రోకర్ చెప్పాడట.

వేరేవాళ్ల ఇళ్లను అద్దెకిచ్చి, వాటి బాగోగులు చూసిపెట్టడం నా పని. ఈ 100 మైనస్ 80 లెక్క నెలకొకసారైనా నా చెవిన పడుతుంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: అద్దె ఈఎంఐ కంటే ఎక్కువుంటే చాలు, ఇల్లు తన అప్పు తనే తీర్చుకుంటుంది.

వాస్తవం: అగ్రిమెంట్‌లో 100 అని రాసుకున్నంత మాత్రాన చేతికి 100 రాదు. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు పెయింటింగ్, రిపేర్లు, వచ్చినవాళ్లకి ఇల్లు చూపించడం... ఏడాదిలో ఒక నెల తేలిగ్గా పోతుంది. ఆ నష్టాన్ని 12 నెలలకి పంచితే నెలకి 8. ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్, మెయింటెనెన్స్ కలిపి ఒక 12 వేయండి. కుళాయిలు, స్విచ్చులు, డ్రైనేజీ లాంటి చిల్లర రిపేర్లకి 8. మోటారు, గీజర్, పైకప్పు లీకేజీ ఏటా రావు, వచ్చినప్పుడు మాత్రం గట్టిగా వస్తాయి. వాటికోసం నెలనెలా 7 పక్కన పెట్టాలి. మొత్తం 35 పోయింది, మిగిలింది 65. ఈఎంఐ 80. అంటే 20 మిగులుతుందనుకున్న చోట, జేబులోంచి 15 వేయాలి. చూసుకోవడానికి నాలాంటివాణ్ణి పెట్టుకుంటే ఇంకో 8 నుంచి 10.

ఈ అంకెలు ఇంటినిబట్టి మారతాయి, కాదనను. ఈ వ్యాపారంలో ముదిరినవాళ్లు ఇంకా మొరటు లెక్క ఒకటి చెబుతారు: లోన్ సంగతి పక్కన పెట్టినా, అద్దెలో సగం ఖర్చులకే పోతుందనుకోమంటారు. కొత్త ఇంటికి అంత కాకపోవచ్చు. కానీ కొత్తగా దిగేవాళ్లు ఖర్చుల గడిలో సున్నా పెడతారు చూడండి, అక్కడే మునుగుతారు.

నేనూ సున్నానే పెట్టాను. నా మొదటి ఇల్లు కొన్న రెండో ఏడాది, కింది పోర్షన్‌వాళ్లు ఫోన్‌లో ఒక ఫొటో పంపారు. వాళ్ల సీలింగ్ మీద గుండ్రంగా తడి మచ్చ, పక్కనే ట్యూబ్‌లైట్ అంచున వేలాడుతున్న నీటి చుక్క. పైపు పగిలిందేమో, ఒక పూట పని అనుకున్నా. ప్లంబర్ వచ్చి బాత్రూమ్‌లో నేల తట్టి చూసి, "టైల్స్ మొత్తం లేపాలి సార్" అన్నాడు. నీళ్లు టైల్స్ సందుల్లోంచి ఎన్నాళ్లుగా దిగుతున్నాయో ఎవరికి తెలుసు? టైల్స్ పగలగొట్టి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, మళ్లీ పరిపించి, కిందివాళ్ల సీలింగ్‌కి రంగు కూడా వేయించా. ఉన్నది ఒక్కటే బాత్రూమ్, అద్దెకున్నవాళ్లు ఎలా ఉంటారు? వెళ్లిపోయారు. ఇల్లు రెండున్నర నెలలు ఖాళీ. ఈఎంఐ తేదీ మాత్రం నెలనెలా ఠంచనుగా వచ్చింది. అత్తగారి దగ్గర చేబదులు అడిగిన రోజు నాకిప్పటికీ గుర్తే.

అందుకే ఎవరడిగినా ఒకటే చెబుతా. డౌన్ పేమెంట్, రిజిస్ట్రేషన్ ఖర్చులు అన్నీ పోగా, కనీసం 6 నెలల ఈఎంఐ బ్యాంకులో విడిగా ఉంటేనే అడ్వాన్స్ ఇవ్వండి. లేదంటే ఆగండి.

"పోనీ, చేతి నుంచి కొంత వేసినా అసలు తీరుతోంది కదా" అని కొందరు. తీరుతుంది, కానీ ఎంత? 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ 100 తీసుకుంటే, మొదటి నెల ఈఎంఐలో దాదాపు 83 శాతం వడ్డీకే పోతుంది. 5 ఏళ్లలో మీరు కట్టేది మొత్తం 54. అసలులో తగ్గేది 11 చిల్లర. ఇంకా 88కి పైనే బాకీ. బ్యాంకువాళ్లిచ్చే షెడ్యూల్‌లోనే ఇదంతా ఉంటుంది. ఆ కాగితం చదివినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అపోహ: ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పటికీ కొనలేం. ధరలు పెరగడమే తప్ప తగ్గవు.

వాస్తవం: జపాన్‌లో 1990ల మొదట్లో బుడగ పేలాక, భూముల ధరలు పదేళ్లకు పైగా పడుతూనే ఉన్నాయి. అమెరికాలో 2006 తర్వాత ఇళ్ల ధరలు ఎంతలా పడ్డాయో లోకమంతా చూసింది. ఈ పుకారు పుట్టించేవాళ్ల మీద నాకు ఒళ్లుమంట. దాన్ని నమ్మి నిద్రపోని వాళ్లని చూస్తే మాత్రం జాలేస్తుంది. తోటివాళ్లందరూ కొనేశారు, మనమే వెనకబడ్డాం అన్న టెన్షన్ నాకు తెలియంది కాదు. కానీ ఒక ఏడాది ఆగినంత మాత్రాన ఎవరూ మునిగిపోరు. లెక్క చూడకుండా కొన్నవాళ్లే ఏడాది తిరక్కుండా నా దగ్గరికొచ్చి "అమ్మిపెట్టండి" అంటుంటారు.

అపోహ: ఖాళీగా ఉన్నా పర్లేదు, అద్దె తగ్గించకూడదు.

వాస్తవం: 100కి అడిగినవాళ్లని పంపేసి 105 కోసం నెల రోజులు ఆగారనుకోండి. పోయిన ఆ 100 తిరిగి రావాలంటే 20 నెలలు పడుతుంది. ఈలోపు వాళ్లు ఖాళీ చేస్తే? అద్దె సరిగ్గా కట్టే మనిషి దొరికితే ఒక మెట్టు దిగడమే లాభం.

మిగతావి చకచకా చెప్పేస్తా. డిపాజిట్ మీ డబ్బు కాదు, తిరిగి ఇవ్వాల్సిన బాకీ. దాంతో సోఫా కొనకండి. తెలిసినవాళ్లే కదా అని అగ్రిమెంట్ మానేయకండి, ఎక్కువ గొడవలొచ్చేది తెలిసినవాళ్లతోనే. మీకు నచ్చిన ఇల్లు అద్దెదారుకి నచ్చాలని రూలేం లేదు. అద్దె ఆదాయం అంటే కూర్చుని తినడం అనుకునేవాళ్లు, నా ఫోన్ ఒక్క ఆదివారం దగ్గర పెట్టుకుని చూడండి.

ఆ కుర్రాడికి ఒక పని చెప్పా. అమ్మేవాళ్లని 3 ఏళ్ల రిపేర్ బిల్లులు, పన్ను రసీదులు అడగమన్నా. అడిగితే వాళ్లు మొహం చిట్లించారట. ఆఖరికి ఇచ్చారు. చూస్తే మోటారు రెండుసార్లు మార్చారు, ఒకసారి పైకప్పు లీకేజీ పని. వాటితో కలిపి కొత్తగా లెక్క వేసుకుని, ఆ లోటుకి సరిపడా ధర తగ్గించమని అడుగుతున్నాడు. సాయంత్రంలోగా తేల్చేస్తుందన్న ఆ రెండో పార్టీ ఇంతవరకూ అడ్వాన్స్ ఇవ్వలేదట.