క్యాజువాలిటీలో గుండె స్కాన్: చిక్కు 2014 నుంచి

క్యాజువాలిటీ (ఆసుపత్రి అత్యవసర విభాగం) డాక్టరు గుండె మీద ప్రోబ్ (అల్ట్రాసౌండ్ మెషీనుకుండే చేతి పరికరం) పెట్టి స్కాన్ చెయ్యొచ్చా, దానికి ఎంత శిక్షణ కావాలి అన్న వాదన విజయవాడ, గుంటూరు డాక్టర్ల మధ్య మళ్ళీ రాజుకుంది. ఇప్పటి చిక్కంతా 2014లో పడింది.

ఆ ఏడాది కేంద్రం లింగ నిర్ధారణ నిషేధ చట్టం (పీసీపీఎన్‌డీటీ) కింద కొత్త నిబంధనలు తెచ్చింది. ఎంబీబీఎస్ డాక్టరు స్కాన్ చెయ్యాలంటే ఆరు నెలల్లో 300 గంటల శిక్షణ తీసుకోవాలి. తీరా చూస్తే అది పొట్ట, కటి భాగాల స్కానింగ్ కోర్సు. గుండె కోసం పెట్టింది కాదు! 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ నిబంధనలను కొట్టేసింది. 2018లో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇవ్వడంతో అవి మళ్ళీ అమల్లోకి వచ్చాయి.

ఇంత కట్టడికి కారణం లేకపోలేదు. ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945 మంది ఉంటే, 2001కి 927కి పడిపోయారు. 2003 సవరణతో గర్భస్థ శిశువు లింగం కనిపెట్టగల మెషీన్లన్నీ రిజిస్ట్రేషన్ కిందికి వచ్చాయి. గుండె చూసే మెషీనుకూ మినహాయింపు దొరకలేదు, ఎందుకంటే ప్రోబ్ కిందికి జరిపితే గర్భమూ కనబడుతుంది.

అమెరికాలో లెక్క వేరుగా నడిచింది. 2010లో అక్కడి ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం, ఎకో (గుండెకు చేసే పూర్తిస్థాయి అల్ట్రాసౌండ్ పరీక్ష) నిపుణుల సంఘం కలిసి మంచం పక్క స్కాన్‌కు హద్దులు గీశాయి. గుండె చుట్టూ నీరు చేరిందా, పంపింగ్ ఎలా ఉంది, గదులు బాగా ఉబ్బాయా, ఒంట్లో ద్రవం తగ్గిందా అన్నవే ప్రధాన ప్రశ్నలు. ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం మార్గదర్శకాల ప్రకారం ఒక్కో రకం స్కాన్‌కు 25 నుంచి 50 చేస్తే చెయ్యి తిరుగుతుంది. హైవే మీద యాక్సిడెంటై అర్ధరాత్రి వచ్చినవాడికి బీపీ పడిపోతుంటే తెలియాల్సింది కూడా ఇంతే. గుండె చుట్టూ రక్తం చేరి నొక్కేస్తుంటే కార్డియాలజిస్టు ఇంటి నుంచి వచ్చేదాకా ఆగే టైము ఉండదు.

కార్డియాలజిస్టుల భయమూ ఉత్తది కాదు. వాల్వు జబ్బో, బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) చీలికో కనబడక ‘అంతా బాగుంది’ అనేస్తే ప్రమాదమే. అందుకే ఈ స్కాన్ పూర్తి ఎకోకు బదులు కాదని ఆ 2010 పత్రమే చెప్పింది.

ఇక్కడ మాత్రం శిక్షణ పూర్తయినా మెషీను ముట్టుకునే డాక్టరు వివరాలు రిజిస్ట్రేషన్‌లో ఉండాలి, మార్పులుంటే అధికారులకు తెలపాలి. నైట్ డ్యూటీ డాక్టర్లేమో మారుతూనే ఉంటారు.