నాలుగు విండోలు, ఒకే డేటా

ఒక యంత్రం కంపనాలను సెన్సార్‌తో కొలుస్తున్నాం. ఒక విండోలో కాలంతో పాటు సాగే గీత, ఇంకోదాంట్లో హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే పట్టీలు), మూడోదాంట్లో ఫ్రీక్వెన్సీ స్పెక్ట్రమ్ (ఏ వేగపు కంపనం ఎంత బలంగా ఉందో చూపేది), నాలుగోదాంట్లో ఉష్ణోగ్రతకు ఎదురుగా వేసిన చుక్కల గ్రాఫ్. ప్రోగ్రాం రాసేవాళ్లకు ముందుగా తట్టేది, ప్రతి విండోకీ డేటా కాపీ ఒకటి ఇచ్చేయడం. కోటి కొలతలుంటే, సంఖ్యకు 8 బైట్ల చొప్పున ఒక్కో కాపీ 80 మెగాబైట్లు. మెమరీ సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. అసలు చిక్కు వేరు: ఒక విండోలో తప్పుడు కొలతను తీసేస్తే మిగతా మూడింట్లో అది అలాగే ఉండిపోతుంది. ఇక ఏ గ్రాఫ్‌ని నమ్మాలి?

1979లో జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో ట్రిగ్వే రీన్స్‌కౌగ్ ప్రతిపాదించిన మోడల్-వ్యూ-కంట్రోలర్ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. డేటా ఒక్కచోటే ఉంటుంది. విండోలు దాన్ని చూపిస్తాయి, అంతే. డేటా మారగానే అన్నింటికీ కబురు వెళ్తుంది, ఎవరి బొమ్మను వాళ్లు మళ్లీ గీసుకుంటారు.

నాకు అన్నిటికన్నా నచ్చేది దీని తర్వాతి మెట్టు. 1987లో బెకర్, క్లీవ్‌లాండ్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు 'బ్రషింగ్' గురించి రాశారు: ఒక గ్రాఫ్‌లో కొన్ని చుక్కలను మౌస్‌తో ఎంచుకుంటే, అవే కొలతలు పక్క గ్రాఫ్‌లలోనూ రంగు మారతాయి. అంటే 'ఏవి ఎంచుకున్నాం' అనేది కూడా అందరూ పంచుకునే డేటాయే. దాన్ని తెర మీది స్థానంగా కాకుండా కొలతల వరుస సంఖ్యలుగా దాచాలి. తెర మీద ఒక్కో విండోలో చుక్క ఒక్కోచోట ఉంటుంది, వరుస సంఖ్య మాత్రం అన్నింట్లోనూ ఒకటే.

కబుర్లతో ఒక ప్రమాదముంది. మొదటి విండో జూమ్ మారిందని రెండోదానికి చెబుతుంది, రెండోది మారి మళ్లీ మొదటిదానికి చెబుతుంది, ఇలా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. విలువ నిజంగా మారినప్పుడే కబురు పంపాలి.

ల్యాబ్‌వ్యూ లాంటి బొమ్మల ప్రోగ్రామింగ్‌లో (కోడ్ రాసే బదులు తెర మీద పెట్టెలను గీతలతో కలుపుతారు) ఆ గీతల, అంటే వైర్ల ద్వారా డేటా పారుతుంది కాబట్టి ఇంకో జాగ్రత్త కావాలి. క్యూ అంటే కొలతలు వరుసలో వేచి ఉండి ఒక్కొక్కటిగా బయటికొచ్చే చోటు. రెండు విండోలు ఒకే క్యూ నుంచి తీసుకుంటే, ఒకటి తీసుకున్న కొలత రెండోదానికి అందదు. చివరికి రెండు గ్రాఫ్‌లూ సగం సగమే. నోటిఫయర్ (వేచి ఉన్న అందరికీ ఒకేసారి కబురు చెప్పే సాధనం) వాడితే అందరికీ అందుతుంది గానీ, తాజా విలువ ఒక్కటే నిలుస్తుంది. గ్లోబల్ వేరియబుల్ (ప్రోగ్రాంలో ఎక్కడినుంచైనా చదివి, రాయగలిగే ఉమ్మడి విలువ) తేలిగ్గా కనిపిస్తుంది, కానీ పక్కపక్కనే నడిచే రెండు లూపులు ఒకేసారి చదివి, మార్చి, తిరిగి రాస్తే ఒకరి మార్పు పోతుంది. ప్రతి విండోకీ విడి క్యూ పెట్టడం మేలు.

అంత డేటా తెర మీద పట్టదు కూడా. 1920 పిక్సెళ్ల వెడల్పులో కోటి కొలతలంటే, ఒక్కో నిలువు వరుసలో ఐదు వేలకు పైగా పడతాయి. వెయ్యికొకటి చొప్పున ఏరి గీస్తే, ఒక్క కొలతలో మాత్రమే కనిపించే కుదుపు మాయమవుతుంది. ప్రతి నిలువు వరుసలోనూ కనిష్ఠం, గరిష్ఠం రెండూ గీస్తే దొరుకుతుంది. ఈ కుదించిన రూపం ఆ విండో సొంతం. దాన్ని ఉమ్మడి డేటా మీద ఎప్పుడూ తిరిగి రాయకూడదు.