సీడీ ప్లేయర్‌లో మంచి సౌండ్ రావాలంటే: అపోహలు, వాస్తవాలు

ఆడియో సెట్లు బాగుచేయడం, ఇళ్లలో అమర్చిపెట్టడం నా పని. సీడీ ప్లేయర్ ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది డబ్బు దేనిమీద పెట్టాలని. కేబుల్ మార్చాలా, కింద ప్రత్యేకమైన స్టాండ్ పెట్టాలా, ఇంకా ఖరీదైన ప్లేయర్ కొనాలా అంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్లేయర్ పాడవకుండా ఉండి, యాంప్లిఫైయర్‌కి సరిగ్గా కలిపి ఉంటే, ఆపైన సౌండ్‌ని తేల్చేవి రెండే: డిస్క్ మీదున్న రికార్డింగ్, స్పీకర్లు పెట్టిన గది. మిగతా వాటి మీద జరిగే చర్చలో చాలా భాగం అపోహలే.

అపోహ: డిజిటల్ సౌండ్ మెట్లు మెట్లుగా ఉంటుంది, మధ్యలో సంగీతం పోతుంది.

దీనికి మూలం ప్రకటనల్లో డిజిటల్ తరంగాన్ని మెట్లలా గీసి చూపే బొమ్మ. సీడీలో ఒక్కో చానెల్‌కి సెకనుకి 44,100 శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కి 16 బిట్లు ఉంటాయి. ఆ క్షణంలో తరంగం ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకెనే శాంపిల్ అంటాం. రెండు శాంపిళ్ల మధ్య మెట్టు ఉందని డిస్క్ మీద ఎక్కడా రాసి ఉండదు. ప్లేయర్‌లో అంకెలను తిరిగి సౌండ్ సిగ్నల్‌గా మార్చే కన్వర్టర్, ఫిల్టర్ కలిసి ఆ బిందువుల గుండా నున్నటి తరంగాన్ని తిరిగి కడతాయి. ధ్వని 22,050 హెర్ట్జ్‌లోపు ఉన్నంతవరకు ఆ బిందువులకు సరిపోయే తరంగం ఒక్కటే ఉంటుంది, కాబట్టి ఊహించి నింపాల్సిన పనే లేదు. ఫిల్టర్ లేకుండా కావాలని తయారుచేసిన కొన్ని కన్వర్టర్లు తప్ప, ఏ మామూలు ప్లేయర్ అవుట్‌పుట్‌కైనా ఆసిలోస్కోప్ (తరంగాన్ని తెర మీద గీసి చూపే పరికరం) తగిలించి చూడండి, సైన్ వేవ్ నున్నగానే కనిపిస్తుంది. మన చెవి వినేది మహా అయితే 20,000 హెర్ట్జ్ వరకు. వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది.

అపోహ: డిస్క్ మీద గీతలు పడితే సౌండ్ క్వాలిటీ కొద్దికొద్దిగా తగ్గిపోతుంది.

సీడీలో నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది ఈ ఏర్పాటే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. సంగీతం డేటాని డిస్క్ మీద వరసగా రాయరు. ఒక ఉత్తరంలోని అక్షరాలను చాలా కాగితాల మీదకి చెదరగొట్టి రాసినట్టు, పక్కపక్కన ఉండాల్సిన అంకెలను ట్రాక్ (డిస్క్ మీద డేటా ఉండే చుట్టల దారి) పొడవునా దూరదూరంగా పెడతారు. వాటితో పాటు తప్పులు పట్టుకుని సరిదిద్దే అదనపు డేటా కూడా ఉంటుంది. ఇది రీడ్-సోలమన్ కోడ్ మీద నడిచే పద్ధతి. ట్రాక్ మీద వరసగా సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర డేటా చదవడానికి వీల్లేకపోయినా, ప్లేయర్ దాన్ని ఒక్క బిట్ తేడా లేకుండా తిరిగి లెక్కగట్టగలదు. అంటే చిన్న చిన్న గీతలున్న డిస్క్‌కీ కొత్త డిస్క్‌కీ మధ్య సౌండ్‌లో తేడా ఉండదు. దెబ్బ అంతకంటే పెద్దదైతే ప్లేయర్ అటూ ఇటూ ఉన్న శాంపిళ్లను బట్టి మధ్యవి అంచనా కడుతుంది. అదీ కుదరకపోతే ఆ కాసేపు మ్యూట్ చేస్తుంది. అప్పుడు మీకు వినిపించేవి టిక్కుమనే శబ్దాలు, తెగిపోవడం, ఎగిరి దూకడం. పాట మొత్తం ట్రెబుల్ మందగించిందంటే మాత్రం కారణం గీతలు కావు, ఇంకెక్కడో ఉంది.

గీత పడిన దిశ కూడా ముఖ్యమే. మధ్య నుంచి అంచు వైపు పడిన గీత ఒక్కో చుట్టులో కొద్దిపాటి డేటానే తాకుతుంది. ట్రాక్ వెంబడి గుండ్రంగా పడిన గీత మాత్రం ఒకే చోట చాలా డేటాని మింగేస్తుంది. అందుకే డిస్క్‌ని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా రుద్దకూడదు.

ఇంకొకటి. అందరూ మెరిసే వైపునే జాగ్రత్తగా చూసుకుంటారు, నిజానికి లేబుల్ వైపే ఎక్కువ ప్రమాదం. అడుగు వైపు 1.2 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ ఉంటుంది. లేజర్ ఆ మందం దాటాకే డేటా పొర మీద ఫోకస్ అవుతుంది, కాబట్టి అడుగు ఉపరితలం మీది దుమ్ము దానికి అంతగా అడ్డురాదు. లేబుల్ కింద మాత్రం పల్చటి లాకర్ పొర, దాని కిందనే అల్యూమినియం పూత. బాల్ పెన్‌తో గట్టిగా రాస్తే ఆ పూత దెబ్బతింటుంది. దాన్ని ఏ పాలిష్‌తోనూ బాగుచేయలేం.

అపోహ: డిస్క్ తిరిగే వేగంలో ఊగిసలాట ఉంటే శ్రుతి మారుతుంది, అందుకే పైన మ్యాట్ గానీ బరువు గానీ పెట్టాలి.

ఇది రికార్డ్ ప్లేయర్ నుంచి వచ్చిన ఆలోచన. సీడీ తిరిగే వేగం ఎలాగూ మారుతూనే ఉంటుంది: లోపలి ట్రాకుల దగ్గర నిమిషానికి సుమారు 500 చుట్లు, అంచుకి చేరేసరికి 200 చుట్లు. చదివిన డేటా ముందు మెమరీలోకి వెళ్తుంది. అక్కడి నుంచి క్రిస్టల్ గడియారం చెప్పిన లెక్క ప్రకారం బయటకి వస్తుంది. మోటారు ఊగిసలాట సంగీతం దాకా చేరదు. మ్యాట్ల వల్ల ఆ చిన్న మోటారు మీద అదనపు బరువు పడటం తప్ప ఒరిగేదేమీ లేదు.

అంచుకి ఆకుపచ్చ మార్కర్ పూయడం, డిస్క్‌లోని అయస్కాంతత్వం తీసేయడం లాంటివి కూడా అడుగుతుంటారు. సీడీ లేజర్ 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతి. అంచుకి ఏ రంగు పూసినా డిస్క్ నుంచి చదివే బిట్లు మారవు. ఇక అల్యూమినియం, ప్లాస్టిక్ అయస్కాంతానికి అంటుకునేవే కావు. ఈ రెండూ వదిలేయండి.

అపోహ: ఖరీదైన కేబుల్ వేస్తే సౌండ్ తెరుచుకుంటుంది.

కేబుల్ తెగకుండా, ప్లగ్గులు బిగుతుగా, శుభ్రంగా ఉంటే చాలు. సౌండ్‌లో లోపం ఉందని నన్ను పిలిచిన చోట్ల నేను ముందు చూసేది కేబుల్ ధర కాదు, అది ఏ సాకెట్‌లో ఉందని. సీడీ ప్లేయర్ ఫుల్ అవుట్‌పుట్ మామూలుగా 2 వోల్టులు. దాన్ని ఫోనో సాకెట్‌కి తగిలిస్తే సౌండ్ చీలిపోతుంది, బాస్ విపరీతంగా ఉబ్బుతుంది. ఎందుకంటే ఆ ఇన్‌పుట్ రికార్డ్ ప్లేయర్ ఇచ్చే కొద్ది మిల్లీవోల్టుల కోసం చేసింది. సీడీ, ఆక్స్ లేదా లైన్ ఇన్ అని రాసి ఉన్న చోటే పెట్టాలి. ప్లేయర్‌ని విడి కన్వర్టర్‌కి కలుపుతుంటే కోయాక్సియల్‌కి 75 ఓమ్‌ల కేబుల్ వాడండి. హమ్ వస్తుంటే ఆప్టికల్ కేబుల్ వేసి చూడండి. అందులో కరెంటు ప్రవహించదు కాబట్టి ఆ దారిలో హమ్ తెచ్చే ఎర్త్ లూప్ ఏర్పడదు.

అపోహ: రెండు ప్లేయర్లు పక్కపక్కన పెట్టి వింటే ఏది మంచిదో తెలిసిపోతుంది.

వాల్యూమ్ సమానంగా ఉంటేనే తెలుస్తుంది. రెండిటి మధ్య అర డెసిబెల్ తేడా ఉన్నా చెవి దాన్ని వాల్యూమ్ తేడాగా పట్టుకోదు. గట్టిగా ఉన్నదాన్నే స్పష్టంగా, నిండుగా ఉందని అనుకుంటుంది. ఒక ప్లేయర్ 2 వోల్టులు, ఇంకొకటి 2.3 వోల్టులు ఇస్తే తేడా ఒక డెసిబెల్ దాటుతుంది, పోటీ అక్కడే ముగిసిపోతుంది. సరిగ్గా చేయాలంటే టెస్ట్ డిస్క్‌లోని టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజి కొలవండి. రెండు రీడింగుల మధ్య ఒక శాతానికి మించి తేడా లేకుండా సరిచేయండి. మార్చే పని ఇంకొకరికి అప్పగించి, ఏది మోగుతోందో తెలియకుండా వినండి. ఇలా చేసినప్పుడు ముందు బ్రహ్మాండంగా అనిపించిన తేడాల్లో చాలావరకు మాయమవడం నేను చూశాను. అన్నీ మాయమవుతాయని అనను. ట్యూబ్ అవుట్‌పుట్ ఉన్నవి, కెపాసిటర్లు ఎండిపోయిన పాత ప్లేయర్లు నిజంగానే వేరుగా వినిపిస్తాయి.

అపోహ: సీడీ సౌండ్ ఎప్పుడూ కరుగ్గా ఉంటుంది.

ఏ సీడీ? అదే పాట రెండు ముద్రణల్లో రెండు రకాలుగా ఉండొచ్చు. 1990ల నుంచి చాలా డిస్కులను గట్టిగా వినిపించాలని కంప్రెస్ చేసి, అంటే మెల్లటి శబ్దాలను కూడా గట్టి వాటికి దగ్గర చేసి, మాస్టరింగ్ (ముద్రణకి ముందు తుది రికార్డింగ్ తయారీ) చేశారు. మెల్లటి చోటుకీ పెద్ద చోటుకీ తేడా చెరిగిపోయి, విన్న పది నిమిషాలకే చెవి అలసిపోతుంది. పాత ముద్రణ వెతికి వినండి, చాలాసార్లు ప్లేయర్ మార్చినదానికంటే పెద్ద తేడా కనిపిస్తుంది. తొలినాళ్ల డిస్కుల్లో కొన్నిటికి ప్రీ-ఎంఫసిస్ ఉంటుంది, అంటే ట్రెబుల్ పెంచి రికార్డు చేసి, వినేటప్పుడు తగ్గించాలని డిస్క్‌లోనే గుర్తు పెడతారు. ప్లేయర్ ఆ గుర్తు చూసి సరిచేస్తుంది. కంప్యూటర్‌లోకి కాపీ చేసినప్పుడు ఆ గుర్తుని వదిలేస్తే పాట చెవిని గీరినట్టు వినిపిస్తుంది.

అపోహ: స్పీకర్లు ఎక్కడ పెట్టినా ఒకటే, మంచి ప్లేయర్ ఉంటే చాలు.

పైసా ఖర్చు లేకుండా సౌండ్ మారేది ఇక్కడే. స్పీకర్‌ని మూలకి నెడితే బాస్ ఉబ్బి, గొంతు దాని కింద కూరుకుపోతుంది. గోడకి దూరంగా జరిపి, పది సెంటీమీటర్లకోసారి ఆగి వినండి. రెండు స్పీకర్లు, మీరు కూర్చునే చోటు కలిసి దాదాపు సమబాహు త్రిభుజంలా ఉండాలి. ట్వీటర్ (ట్రెబుల్ పలికే చిన్న స్పీకర్) చెవి ఎత్తులో ఉండాలి. సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంటే ముందుకి లాగండి, ఎందుకంటే గోడ దగ్గర బాస్ పోగవుతుంది. పల్చటి కర్టెన్ ట్రెబుల్‌నే కాస్త పీల్చుకుంటుంది, బాస్ మీద దాని ప్రభావం ఉండదు.

అపోహ: డిస్కులు చదవకపోతే లేజర్ పవర్ పెంచితే సరిపోతుంది.

దయచేసి ఆ పని చేయకండి. పికప్ (లేజర్, లెన్స్ ఉండి డిస్క్‌ని చదివే భాగం) పక్కనున్న చిన్న స్క్రూ తిప్పితే కొన్నాళ్లు ఆడి, తర్వాత లేజర్ డయోడ్ పూర్తిగా పోతుంది. పైగా ఆ కాంతి దాదాపు కంటికి కనిపించదు, మూత తీసి వెలుగుతున్న లెన్స్‌లోకి చూడటం కంటికి ప్రమాదం. చాలాసార్లు కారణం లెన్స్ మీది దుమ్ము, పట్టాల మీద గట్టిపడిన గ్రీజు, లేదా ట్రేని నడిపే రబ్బరు బెల్టు సాగిపోవడం. ఇవన్నీ చవగ్గా సరిచేయగలిగినవే.

వాడిన ప్లేయర్ కొంటుంటే మూడు పరీక్షలు చేయండి. 70 నిమిషాలు దాటిన డిస్క్ పెట్టి చివరి ట్రాక్ వినండి, తడబడే పికప్ అంచు దగ్గరే దొరికిపోతుంది. మొదటి ట్రాక్ నుంచి చివరిదానికి, అక్కడి నుంచి వెనక్కి దూకించండి. తర్వాత ఇంట్లో రాసిన సీడీ-ఆర్ పెట్టండి, అది మామూలు డిస్క్ కంటే కాంతిని తక్కువగా తిప్పికొడుతుంది కాబట్టి బలహీనపడిన లేజర్ ముందు దానిమీదే తడబడుతుంది. సీడీ-ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాయగలిగే డిస్క్) చదవలేదని మాత్రం పాత ప్లేయర్‌ని తిరస్కరించకండి. ఆ డిస్క్ ఇంకా చాలా తక్కువ కాంతిని తిప్పికొడుతుంది, దాన్ని చదివే ఏర్పాటు వాటిలో మొదటి నుంచీ లేదు.