తాతా మనవడూ ఒకే వరుసలో నిలబడే గొడ్డలి పందెం

చిరంజీవులైన పిల్లలకు మీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

పరుగైనా ఈతైనా, పోటీ అంటే వయసుల వారీగా విడదీసి పెట్టడమే మీరు చూసి ఉంటారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో మాత్రం జుట్టు నెరసిన తాత, ఆయన కొడుకు, ఇంకా మీసం రాని మనవడు ఒకే పందెంలో పక్కపక్కన నిలబడి, ముగ్గురిలో ఎవరైనా గెలవగలిగే ఆట ఒకటి ఉంది. అది గొడ్డలితో దుంగలు నరికే ఆట.

దీని పుట్టిల్లు ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవి. అడవిలో చెట్లు కొట్టి బతికే ఇద్దరు 1870లో అల్వర్‌స్టన్ దగ్గర 25 పౌండ్లు ఒడ్డి పందెం కాశారని, ఆట అక్కడే మొదలైందని ఆ ప్రాంతం వారు చెబుతారు. 1891లో అదే దీవిలోని లాట్రోబ్‌లో ప్రపంచ పోటీ జరిగింది. తరువాత ఇది సిడ్నీలో ఏటా జరిగే రాయల్ ఈస్టర్ షోకు చేరి, ఇప్పటికీ అక్కడ జనాన్ని నిలబెడుతోంది.

ఒక రకం పోటీలో మొద్దును నిలువుగా బిగిస్తారు. ఇంకొక రకంలో అడ్డంగా పడుకోబెట్టిన దుంగ మీద ఆటగాడే ఎక్కి నిలబడి, తన రెండు పాదాల నడుమనే నరుకుతాడు. గొడ్డలి అంచు వెంట్రుకలు గొరిగేంత పదునుగా ఉంటుంది కనుక ఉక్కు అల్లిక మేజోళ్ళు తొడుక్కుంటారు. దుంగ అడ్డకొలత సాధారణంగా 300 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. వేటు ఎప్పుడూ ఏటవాలుగానే పడాలి. ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి పడితే మధ్యలోని చెక్క పెద్ద పేడుగా లేచి ఎగిరిపోతుంది. సగం లోతు వచ్చాక వెనక్కి తిరిగి రెండో వైపు నరకాలి. ఎక్కడ తిరగాలో తెలియడం కండబలం కంటే ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే ఒక్క వేటు ఎక్కువైనా ఆ క్షణం పోయినట్టే.

ఇక అసలు కీలకం చెబుతాను. పందెం మొదలుకాగానే అందరూ ఒకేసారి గొడ్డలి ఎత్తరు. ఒక మనిషి బిగ్గరగా ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్కపెడుతుంటాడు. కొత్తవాడు మూడు అనగానే మొదలుపెడితే, ఆరితేరినవాడు తనకు కేటాయించిన అంకె, అది ఇరవై కావచ్చు ఇంకా పైన కావచ్చు, వచ్చేదాకా గొడ్డలి పట్టుకుని ఊరికే నిలబడాలి. గెలిచినవాడి అంకె ఆ తరువాత పెరుగుతుంది. కనుక ఛాంపియన్ అయిన తండ్రి తన మొదటి వేటు వేసేసరికి పిల్లవాడి దుంగలో అప్పటికే లోతైన గంటు పడి ఉంటుంది. ఈ ఆట ఇంటి ఆటగా నిలిచిందంటే ఈ లెక్క వల్లనే అనుకుంటాను, నేర్పినవాడూ నేర్చుకున్నవాడూ విడిపోనక్కరలేదు కదా.

టాస్మేనియాకు చెందిన డేవిడ్ ఫోస్టర్ వరుసగా 21 ఏళ్లు ప్రపంచ విజేతగా నిలిచారు. నాకు దానికంటే ఎక్కువగా నచ్చినది, ఆయన తన తండ్రి జార్జ్‌తో కలిసి, ఈ పోటీల్లోనే భాగమైన రంపం పందెంలో పెద్ద రంపానికి చెరొక వైపు నిలబడి ప్రపంచ పట్టం గెలవడం. ఆ రంపాన్ని ఇద్దరూ లాగాలే తప్ప ఎవరూ నెట్టకూడదు, నెడితే రేకు వంగి బిగుసుకుంటుంది. న్యూజిలాండ్‌కు చెందిన మావోరీ అనే అక్కడి ఆదివాసి జాతి వీరుడు జేసన్ వినియార్డ్ తండ్రి కూడా ఈ ఆటగాడే. జేసన్ 2023లో కన్నుమూశారు. ఆయన భార్య కార్మిన్ కూడా పోటీలకు దిగినవారే. ఒక మగ, ఒక ఆడ జంటగా రంపం లాగే పోటీ వేరే ఉంది.

ఈస్టర్ సెలవుల్లో మీరు సిడ్నీలోని మీ బాబాయి ఇంటికి వెళితే ఆ షోకు తీసుకెళ్ళమని అడగండి. గొడ్డళ్ల మోత వినగానే ముందు నరికేవాళ్ళ మీదికి చూపు పోతుంది. అలా కాకుండా, చివరి అంకె కోసం కదలకుండా నిలబడి ఉన్న మనిషిని చూడండి, ఆటలో కష్టమంతా అక్కడే కనిపిస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య