అద్దాల పెట్టెకు 28 రోజుల పరీక్ష

వెండి పట్టీలకు రబ్బరు బ్యాండు చుట్టి బీరువాలో పడేసి, ఏడాది తర్వాత తీసి చూడండి. బ్యాండు తగిలిన చోట నల్లగా చార పడి ఉంటుంది. రబ్బరులో కలిపే గంధకం చేసే పని అది. ఇంట్లోదైతే పళ్లపొడి పెట్టి రుద్దేస్తాం. రెండు వేల ఏళ్ల నాటి వెండి నాణేన్ని అలా రుద్దితే దాని మీది బొమ్మ కూడా అరిగిపోతుంది.

మ్యూజియంలో వస్తువును అద్దాల పెట్టెలో పెట్టేది దుమ్మూ చేతులూ తగలకూడదని. కానీ ఆ పెట్టే ఒక్కోసారి దానికి ముప్పు తెస్తుంది. కింద పరిచిన గుడ్డ, జిగురు, పెయింటు, చివరికి చెక్క కూడా ఆవిర్లు వదులుతుంటాయి. కొత్త ప్లైవుడ్ కబోర్డు తలుపు తీయగానే ముక్కుకు కొడుతుందే, ఆ ఘాటు లాంటిదే ఇదీ. గదిలోనైతే చెదిరిపోతుంది, బిగించిన పెట్టెలో పేరుకుపోతుంది.

ఓక్ చెక్క నుంచి వచ్చేది అసిటిక్ ఆమ్లం, అంటే వినెగర్‌లో ఉండే పులుపే. ఇంగ్లండులో ఓక్ సొరుగుల్లో దాచిన గవ్వల మీద తెల్లటి పొడి పేరుకునేది. 1899లో బైన్ అనే ఆయన ఇది బాక్టీరియా పని అన్నాడు. అసలు సంగతి, చెక్క వదిలిన ఆమ్లాలు గవ్వలోని సున్నాన్ని తినేస్తున్నాయి. అది జబ్బే కాదని తేలినా ‘బైన్ వ్యాధి’ అన్న పేరు మాత్రం పోలేదు.

మరి ఏ గుడ్డ మంచిదో, ఏ జిగురు చెడ్డదో ముందే తెలిసేదెలా? 1973లో బ్రిటిష్ మ్యూజియంకు చెందిన ఆండ్రూ ఆడీ ఒక పరీక్ష ప్రచురించాడు. తర్వాత కొన్ని మార్పులు జరిగినా, ఆడీ టెస్ట్ అనే పేరుతోనే నేటికీ చేస్తున్నారు.

చూస్తే వంటింటి పనిలా ఉంటుంది. గాజు గొట్టంలో సుమారు 2 గ్రాముల గుడ్డ ముక్కలు, పక్కన దూది బిరడా పెట్టిన బుల్లి సీసాలో కాసిన్ని నీళ్లు. పై మూతకు వెండి, రాగి, సీసం రేకులు వేలాడతాయి. ముందే వాటిని తళతళలాడేలా రుద్ది ఉంచుతారు. మూత బిగించి 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో 28 రోజులు ఉంచుతారు. గుడ్డ లేకుండా రేకులు మాత్రమే ఉన్న గొట్టం ఇంకోటి పక్కనే ఉంటుంది, పోల్చి చూడడానికి. ఏళ్ల తరబడి మెల్లగా జరిగేది వేడికీ తేమకూ త్వరగా బయటపడుతుంది.

వెండి నల్లబడితే గంధకం ఉందని అనుమానం. ఉన్ని గుడ్డతో ఇది మామూలే. సీసం మీద తెల్లటి పూత వస్తే ఆమ్లాల ఆవిరి. ఇదేమీ కొత్త రసాయనం కాదు, ఒకప్పుడు చిత్రకారుల తెల్లరంగు కోసం కావాలనే సీసాన్ని వినెగర్ ఆవిరిలో పెట్టేవారు. క్లోరైడ్లు, అంటే క్లోరిన్ కలిసిన పదార్థాలు ఉంటే ఆ సంగతి ఎక్కువగా రాగి రేకు చెబుతుంది.

రేకులు మారకపోతే ఆ గుడ్డ శాశ్వత ప్రదర్శనకు పనికొస్తుంది. కొద్దిగా మారితే ఆరు నెలల లోపు ప్రదర్శనకు సరే. బాగా పాడైతే పక్కన పెట్టేయడమే.

నా దృష్టిలో దీని బలహీనత కన్ను. ‘కొద్దిగా’ అంటే ఎంత? ఒకరు పాస్ చేసిన రేకును ఇంకొకరు ఫెయిల్ చేయొచ్చు. పైగా ఏ రసాయనం వచ్చిందో ఇది కచ్చితంగా చెప్పదు. ప్రదర్శన తేదీ దగ్గర పడుతుంటే నాలుగు వారాలు ఆగడం మరో టెన్షన్. అదే పేరుతో వచ్చే గుడ్డకు కంపెనీ రంగో పూతో మార్చిందంటే పాత ఫలితం పనికిరాదు. కొత్త తానులోంచి మళ్లీ 2 గ్రాములు కత్తిరించి గొట్టంలో వేయాల్సిందే.