డబ్బాలోనే ఉడికిన చేప

సార్డీన్ డబ్బా మూత లాగితే లోపల కనిపించే చేప పచ్చిది కాదు, ఉత్త ఉప్పులో ఊరినదీ కాదు. మూత బిగించాక ఆ డబ్బాలోనే, 115 నుంచి 121 డిగ్రీల సెల్సియస్ వేడిలో, ఎముకతో సహా ఉడికిపోయింది. డబ్బా చేప రుచిగా కుదరలేదనే వాళ్లు చాలావరకు మరచిపోయేది ఈ సంగతినే. పచ్చి చేపను చూసినట్టే దీన్నీ చూసి, పులుసులో పావుగంట మరిగిస్తారు. తీరా చూస్తే ముక్క ఉండదు, పులుసు నిండా పిప్పి ఉంటుంది.

అంత వేడి ఎందుకంటే, వట్టి మరిగే నీళ్లు చాలవు కనుక. ఆహారాన్ని గాలి చొరకుండా మూసి వేడిచేస్తే నెలల తరబడి నిలవుంటుందని చూపించిన ఫ్రాన్స్ వాసి నికొలా అపేర్ గాజు సీసాలను మరిగే నీళ్లలోనే ఉంచేవాడు. 1810లో అక్కడి ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో పీటర్ డ్యూరాండ్ పేరున తగరపు పూత డబ్బాకు పేటెంటు వచ్చింది. ఆహారం ఎందుకు చెడిపోకుండా ఉంటోందో అప్పటికి ఎవరికీ తెలియదు. సూక్ష్మజీవుల పాత్రను లూయీ పాశ్చర్ తేల్చడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. ఆ సూక్ష్మజీవుల్లో మొండిది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది క్లోస్ట్రీడియం బాట్యులినం. దాని సిద్ధబీజాలు, అంటే గట్టి పొరతో నిద్రాణంగా ఉండే విత్తనాల్లాంటి రూపాలు, నూరు డిగ్రీల వేడినీ తట్టుకుంటాయి. గాలి ఆడని చోట, పులుపు తక్కువగా ఉంటే, అంటే పీహెచ్ 4.6 కన్నా ఎక్కువుంటే, మొలకెత్తి ప్రాణాంతకమైన విషాన్ని తయారు చేస్తాయి. మూసిన చేప డబ్బాలో ఆ రెండు వసతులూ ఉన్నాయి. అందుకే డబ్బాలో అన్నిటికన్నా ఆలస్యంగా వేడెక్కే చోటు కూడా 121 డిగ్రీల దగ్గర దాదాపు 3 నిమిషాలు గడిపినంత వేడిని అందుకోవాలన్నది లెక్క. ముక్కలు దట్టంగా కూరిన డబ్బా నడిమికి వేడి చేరడానికే చాలాసేపు పడుతుంది. రిటార్ట్ అనే ఆ భారీ ప్రెషర్ కుక్కర్లో డబ్బాలు అన్నేసి నిమిషాలు ఉండేది అందుకే.

ఈ వేడే ఎముకను కూడా మార్చేస్తుంది. ఎముకలో కాల్షియం ఖనిజాన్ని పట్టి ఉంచేది కొల్లాజెన్ అనే ప్రొటీన్. తేమతో కూడిన వేడిలో అది జెలటిన్‌గా మారి కరగడంతో ఎముక వేళ్ల మధ్య నలిగేంత మెత్తబడుతుంది. ముళ్లతో సహా తింటే 100 గ్రాముల డబ్బా సార్డీన్లలో సుమారు 380 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఓపిగ్గా ముళ్లు ఏరి పారేసేవాళ్లు ఆ పోషకాన్నే పారేస్తున్నారు.

అన్ని చేపలూ ఒకే తీరున డబ్బాలోకి వెళ్లవు. వంటలో తేడా చూపేది ఇదే. సాల్మన్‌ను సాధారణంగా పచ్చి ముక్కగానే, కాస్త ఉప్పు వేసి మూస్తారు. డబ్బాలో కనిపించే నీరంతా చేపలోంచి ఊరిన రసమే కాబట్టి దాన్ని పారబోయకూడదు. ట్యూనాను మాత్రం ముందు ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, తోలూ ముల్లూ తీసి, ముక్కలను డబ్బాలో పేర్చి, మళ్లీ ఉడికిస్తారు. రెండుసార్లు ఉడికింది కనుకే అది నోట్లో పొడిపొడిగా తగులుతుంది. దానికి నూనో, పెరుగో, మయొనైజో తోడుండాలి. నూనెలో వేసిన ట్యూనా బాగుంటుందా, నీళ్లలో వేసినదా అంటే రుచికి నూనెదే. కాకపోతే చేపలోని ఒమేగా-3 కొవ్వు కొంత ఆ నూనెలోకి దిగుతుంది. నూనె వంపేస్తే అదీ పోతుంది. నూనె డబ్బా కొంటే నూనెను కూడా వాడుకోవాలి. ఒమేగా-3 మాత్రమే కావాలి, నూనె వద్దు అనుకుంటే నీళ్ల డబ్బా మేలు.

ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. చేప కండ పలకలు పలకలుగా ఉంటుంది. పలకకూ పలకకూ మధ్య పల్చని కొల్లాజెన్ తెర ఉంటుంది. డబ్బాలో ఆ తెర అప్పటికే కరిగిపోయింది. పలకలను కలిపి ఉంచేది ఇంకేమీ లేదు, గరిటె తగిలితే చాలు విడిపోతాయి. కాబట్టి వంటంతా ముందు, చేప ఆఖరున. సుమారు 120 గ్రాముల సార్డీన్ డబ్బాకు ఒక పద్ధతి: డబ్బాలోని నూనెను బాణలిలో వంచి, సన్నగా తరిగిన ఒక పెద్ద ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చీల్చిన పచ్చిమిర్చి రెండు వేసి, మధ్యస్థమైన మంట మీద ఏడెనిమిది నిమిషాలు వేయించాలి. టమాటా వేస్తే అది మగ్గి, నీరింకి, నూనె పైకి తేలేదాకా ఆగాలి. ఉప్పు వేయకూడదు, డబ్బాలో ఉన్నది సరిపోతుంది. అప్పుడు పొయ్యి కట్టేసి, చేపలను పైన పరిచి, మూత పెట్టి రెండు నిమిషాలు వదిలేయాలి. గరిటెతో కలపకుండా బాణలిని పట్టుకుని ఒకసారి ఊపితే చాలు. తోలు కరకరలాడాలంటే దారి వేరు. చేపలను కాగితంతో తడి లేకుండా అద్ది, బాగా కాలిన గ్రిల్ కింద రెండు మూడు నిమిషాలు ఉంచాలి. తడి మిగిలితే ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, తోలు ఎర్రబడదు.

కట్లెట్లు విరిగిపోవడం మరో ఫిర్యాదు. పచ్చి చేపను ఉప్పుతో రుబ్బితే దాని ప్రొటీన్లు వేడికి ఒకదాన్నొకటి పెనవేసుకుని గట్టిపడతాయి. డబ్బా చేపలో ఆ పని ఎప్పుడో అయిపోయింది, మళ్లీ జరగదు. అతుక్కునే గుణం బయటి నుంచే రావాలి. నీరు గట్టిగా పిండేసిన 150 గ్రాముల ట్యూనాకు 200 గ్రాముల ఉడికించిన బంగాళాదుంప, ఒక గుడ్డు, రెండు పెద్ద చెంచాల బ్రెడ్ పొడి సరిపోతాయి. తట్టిన బిళ్లలను అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే పిండి బిగుస్తుంది. తర్వాత ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు, ఒకే ఒక్కసారి తిప్పాలి.

నీచు వాసన సంగతి. సముద్రపు చేపల కండలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది, దానికి వాసన లేదు. బ్యాక్టీరియా వల్ల గానీ వేడి వల్ల గానీ అది విరిగి, గాలిలోకి లేచే ట్రైమిథైలమీన్ అవుతుంది. ముక్కుకు తగిలేది అదే. ఇది క్షార గుణం ఉన్న పదార్థం. పులుపు కలిస్తే గాలిలోకి ఎగరని లవణంగా మారుతుంది. నిమ్మరసమో వెనిగరో పిండితే నీచు తగ్గడం అందుకే, అది వేరే వాసనతో కప్పిపుచ్చడం కాదు. ఒక డబ్బాకు రెండు చిన్న చెంచాల నిమ్మరసం చాలు. పొయ్యి మీద పిండితే నిమ్మ పరిమళం ఆవిరైపోతుంది, దించాక పిండాలి.

డబ్బా తెరిచినప్పుడు కంగారు పెట్టేవి కొన్ని ఉన్నాయి. గాజు పెంకులా మెరిసే స్ఫటికాలు పీత, సాల్మన్, ట్యూనా డబ్బాల్లో అప్పుడప్పుడు కనిపిస్తాయి. చాలాసార్లు అది స్ట్రువైట్, అంటే మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేట్. చేపలోని ఖనిజాలే డబ్బా చల్లారేటప్పుడు గడ్డకట్టి అలా తయారవుతాయి. హాని లేదు. గోటితో గీస్తే గీత పడుతుంది, గోరువెచ్చని వెనిగర్‌లో కొన్ని నిమిషాలకు కరగడం మొదలవుతుంది. గాజు ఈ రెండింటికీ లొంగదు. సాల్మన్ మీద తెల్లగా విరిగిన పాలలా కనిపించేది ఉడికిన ప్రొటీనే. పీత మాంసం చుట్టూ కాగితం చుట్టి ఉంటే తయారీదారును తిట్టుకోవద్దు. మాంసంలోని గంధకం డబ్బా లోహంతో కలిసి నల్లబడకుండా పెట్టిన అడ్డు అది.

నిజంగా భయపడాల్సినవి వేరు. ఉబ్బిన డబ్బా, తెరవగానే చిమ్మే డబ్బా, అంచు కుట్టు దగ్గర సొట్టపడినది, కారుతున్నది — వీటిని రుచి కూడా చూడకుండా పారేయాలి. ట్యూనా ముక్క తేనెపట్టులా చిన్న చిన్న రంధ్రాలతో ఉంటే ఆ చేప డబ్బాలోకి వెళ్లకముందే చెడిపోయిందని అర్థం. అన్నిటికన్నా మోసకారి హిస్టమీన్. ట్యూనా, మాకరెల్, సార్డీన్ లాంటి చేపలు పట్టాక ఐసు చాలకపోతే, బ్యాక్టీరియా వాటి కండలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని హిస్టమీన్‌గా మారుస్తుంది. తర్వాత ఎంత ఉడికించినా అది పోదు. రంగు, వాసన మామూలుగానే ఉండవచ్చు. నాలుక మీద మిరియంలా చురుక్కుమంటే ఆపేయాలి. ముఖం ఎర్రబడడం, తలనొప్పి, దద్దుర్లు నిమిషాల్లోనో గంటా రెండు గంటల్లోనో మొదలవుతాయి. తెరిచిన ట్యూనాను గది వేడిలో వదిలేసినా ఈ ముప్పు ఉంటుంది. రెండు గంటల లోపు మూత ఉన్న గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

పాదరసం విషయంలో చేప చిన్నదైతే మంచిది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ లెక్కల్లో సగటున ఆల్బకోర్ అనే పెద్ద జాతి డబ్బా ట్యూనాలో పది లక్షల్లో 0.35 వంతు, ఎక్కువగా చిన్న జాతులతో చేసే లైట్ ట్యూనాలో 0.126, సార్డీన్‌లో 0.013. గర్భిణులు ఆల్బకోర్‌ను వారానికి ఒక వడ్డన, సుమారు 110 గ్రాములు మించకూడదని ఆ సంస్థ సలహా.

డబ్బాలో ఉడకడం గురించి ఇంతవరకూ చెప్పింది ఆంచోవీలనే చిన్న చేపలకు వర్తించదు. వాటిని నెలల తరబడి ఉప్పులో మాగబెట్టి నూనెలో వేస్తారు, రిటార్ట్‌లో ఉడికించరు. చిన్న డబ్బా కదా అని అలమారలో పెట్టకండి, వాటి చోటు ఫ్రిజ్. ఒకటి రెండు వేడి నూనెలో వేస్తే ముక్కలు కరిగిపోయి రుచి మాత్రం మిగులుతుంది. ఆ వంటకు విడిగా ఉప్పు అక్కర్లేదు.

చేపను ఇంట్లోనే సీసాల్లో నిలవ చేద్దామనే ఉత్సాహం ఉంటే ఒక సంఖ్య గుర్తుంచుకోవాలి: 100 నిమిషాలు. సుమారు అర లీటరు పట్టే సీసాకు, సముద్ర మట్టానికి దగ్గరి ఊళ్లలో, బరువుతో పనిచేసే ప్రెషర్ క్యానర్‌లో 10 పౌండ్ల ఒత్తిడి దగ్గర అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే సమయం అది. ఎత్తైన చోట ఒత్తిడి పెంచాలి. మామూలు వంట కుక్కర్ దీనికి పనికిరాదు. చిన్న పాత్ర త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, లెక్కలో ఉన్న వేడి సీసా మధ్యకు అందదు. క్యానర్ లేకపోతే చేపను కడిగి, తుడిచి, గాలి లేకుండా సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవడమే సరైన దారి.